తలుపు తగిలింది

"పొడుగు చేతుల కుర్తా వేసుకో ఇవాళ," అన్నాడాయన, ఉతికిన బట్టల్లోంచి తనే ఏరి, తనే ఇస్త్రీ చేసి ఆమె చేతికిస్తూ. ఎంత మెత్తగా అన్నాడని! కిటికీలోంచి చూసిన పక్కింటావిడ ఆగలేకపోయింది. "పెట్టి పుట్టావమ్మా! పెళ్ళాం బట్టలు ఇస్త్రీ చేసే మగాణ్ణి నేనెక్కడా చూళ్ళేదు." ఆమె నవ్వింది. ఆయన గొంతు ఇంకాస్త తగ్గించి, "క్లాసులో చెప్పేసి రా. రేపట్నుంచి రానని. నాలుగింటికి కింద కారాపుతాను," అన్నాడు.

రేపట్నుంచి రానని! పదకొండేళ్ళ కాపురంలో ఆమె గడప దాటేది వారానికి మూడు మధ్యాహ్నాలు. మందుల షాపు మేడ మీద గదిలో పన్నెండు మంది ఆడవాళ్ళకి ఇంగ్లీషు చెబుతుంది. మంచాన పడ్డవాళ్ళకి ఇళ్ళకెళ్ళి సేవ చేసే ఉద్యోగం కావాలంటే వాళ్ళు పరీక్ష రాయాలి. ఒక ఫోటో ఇస్తారు, అందులో రోగి ఎలా ఉన్నాడో వర్ణించాలి. అందుకని మాటలు నేర్పుతుంది. పేల్ అంటే పాలిపోవడం, స్వోలెన్ అంటే వాపు, బ్రూజ్డ్ అంటే కమిలిపోవడం. "మంచాలు తుడిచేవాళ్ళకి వర్ణనలెందుకే?" అని ఆయన వెటకారం. ఇంట్లో వర్ణనలు పంచిపెట్టే పని అత్తగారిది. "వాడికి కోపం ముక్కు మీదే గానీ మనసు వెన్న. నీదే అమ్మాయ్, పెడసరం." వెన్నట, వెన్న! ఆ వెన్నే ప్రతిసారీ పక్కన కూర్చుని మందు రాస్తూ, "చూసుకుని నడవొద్దూ? ఎన్నిసార్లు తగిలించుకుంటావు ఆ తలుపు?" అంటుంది. అలా అనగా అనగా ఒక్కోసారి ఆమెకే అనుమానం వచ్చేది, నిజంగా తలుపే తగిలిందేమోనని. తన ఒంటి మీది దెబ్బకి తన సాక్ష్యమే చెల్లదనుకునే స్థితికి వచ్చింది పిచ్చిది.

ఆ మధ్యాహ్నం ఫోటోలో తలుపు పక్కన ఒక ముసలాయన, వాచిన చెయ్యి. క్లాసులో అందరికంటే చిన్నది, అందరూ చిన్నీ అని పిలిచేది, లేచి తను రాసింది గడగడా చదివింది. "డోర్ టచ్డ్ హ్యాండ్." అంతా గొల్లుమన్నారు. చిన్నీ బిక్కమొహం వేసింది. "తలుపు తగిలింది అనేగా మేడమ్!"

"తలుపు వచ్చి ముట్టుకున్నట్టు రాశావే తల్లీ," అని ఆమె కూడా నవ్వింది. "మనం తగిలింది అనేసి ఊరుకుంటాం. దెబ్బ దానంతటదే తగులుతుంది, చెయ్యి దానంతటదే కములుతుంది, మధ్యలో ఎవరూ ఉండక్కర్లేదు. ఇంగ్లీషు ఊరుకోదు. ఎవరు అని ముందే అడుగుతుంది." ఆ 'ఎవరు' అన్న మాట బోర్డు పైన రాయడానికి చెయ్యెత్తింది. కుర్తా చెయ్యి భుజం దాకా జారింది.

వెనక బెంచీ నుంచి, అందరూ ఆయమ్మ అని పిలిచే పెద్దావిడ లేచింది. ముప్పై ఏళ్ళుగా ఆస్పత్రుల్లోనూ ఇళ్ళల్లోనూ చేసిన మనిషి, కాగితం కోసం ఈ వయసులో పరీక్షకి కూర్చుంది. "నేనొకటి చెబుతాను మేడమ్, తప్పుంటే దిద్దండి. ఎల్బో. పైన. బ్రూజ్డ్. గ్రీన్, ఎల్లో. ఫోర్ ఫింగర్స్. వన్ థంబ్."

అందరూ ఫోటోలో వెతికారు. ఫోటోలో అది లేదు. ఒక్కొక్కరే తలెత్తి ఆమె వైపు చూశారు. ఆమె కుర్తా చెయ్యి కిందికి లాక్కుంది.

"తలుపు తగిలింది, ఆయమ్మా."

"తలుపుకి బొటనవేలుంటుందా మేడమ్?"

ఈసారి ఎవరూ నవ్వలేదు. ఆయమ్మ గొంతు పెంచలేదు. "కిందటి నెల మణికట్టు దగ్గరుంది. ఇప్పుడు మోచెయ్యి దాటింది. పైకి పోతోంది. నేను చేసిన ఒకింట్లో ఇలాగే పోయింది. ఆఖరిసారి ఆవిడకి స్నానం నేనే చేయించాను. అప్పటికి మెడ దగ్గరుంది, ఆవిడే లేదు. జారిపడిందన్నారు. నేనన్నీ చూశాను మేడమ్. ఎప్పటికప్పుడు రాసి పెట్టినవాళ్ళే లేకపోయారు."

కింద హారన్ మోగింది. పొట్టిగా, మర్యాదగా. నాలుగు. ఆమె ఒళ్ళు దానంతటదే సంచీ కోసం వంగింది. మెట్లు దిగాలి, కారెక్కాలి, చెప్పేశావా అంటే చెప్పేశానండీ అనాలి. ఆ తర్వాత ఈ చెయ్యి ఎంత పైకి కమిలినా చూసే కళ్ళుండవు. అత్తగారి కళ్ళు చూడవు, పక్కింటావిడ కళ్ళకి ఇస్త్రీయే కనిపిస్తుంది. భయం వేసింది. మెడ చల్లబడిపోయేంత భయం. ఇన్నాళ్ళూ ఆయనకి కోపం వస్తుందేమోనని భయపడింది గానీ, తను చచ్చిపోతానేమోనని భయపడటం అదే మొదలు.

సంచీ వదిలేసింది. కుర్తా చెయ్యి భుజం దాకా మడిచి, బెంచీల మధ్యకి వచ్చి నిలబడింది.

"నోట్సు తెరవండి. పైన తేదీ వెయ్యండి, టైము కూడా. నేను చెబుతాను, మీరు కళ్ళతో చూసి సరిచూసుకుని రాయండి. మొదటి మాట, మై హస్బెండ్."

పన్నెండు పెన్నులు కదిలాయి. మళ్ళీ హారన్, ఈసారి పొడుగ్గా. ఆమె రెండో వాక్యం చెప్పింది. మూడోసారి హారన్ మోగలేదు. మెట్ల మీద బూట్ల చప్పుడు మొదలైంది, తాపీగా, ఒక్కో మెట్టూ. ఆయమ్మ తన పుస్తకం పట్టుకునే వెళ్ళి, గుమ్మానికి అడ్డంగా కుర్చీ వేసుకుని, రాస్తూ కూర్చుంది.

చిన్నీ చేతిలోంచి పెన్ను జారిపోయింది. ఆమె వంగి తీసి ఇచ్చింది.

"కంగారు పడకమ్మా, మెల్లగా రాయి," అంది. "పన్నెండు పుస్తకాల్లోనూ ఒక్కలాగే ఉండాలి. రేపు నేను వచ్చి దిద్దుతానో లేదో."