కదలొద్దన్నారు

“ఊకె పండుకునుడు గూడ చాతగాదా నీకు?” అన్నాడు మా ఆయన శ్రీశైలం, స్కానింగ్ గది బయట. నల్లగొండ దాకా బస్సులో వచ్చి పొద్దంతా కూర్చుంటే, తీరా నేను కదలడంతో నా కుడి భుజం ఫొటో చెదిరిపోయింది. ఇంకొక్కసారి తీస్తామన్నారు. ఈసారీ చెదిరితే మళ్లీ తీసుకురానని ఆయన తేల్చేశాడు. ఎమ్మారై సరిగా వస్తేగానీ లోపల ఏం తెగిందో చెప్పలేనని డాక్టరు ముందే అన్నాడు. అంటే నా చెయ్యి బాగుపడే దారి ఈ అరగంటలోనే ఉంది.

నాకు నవ్వూ వచ్చింది, ఏడుపూ వచ్చింది. పద్దెనిమిదేళ్లుగా అత్తింట్లో నా చెయ్యి ఆగితేనే తిట్లు. మాది భువనగిరి పక్కన చేనేత ఊరు. మగ్గం మీద కూర్చునేది ఆయన, అంతకుముందు ఆసు పోసేది నేను. ఆసు చట్రానికి ఈ కొసన ఒక మేకు, ఎదురుగా వంపుగా బోలెడు మేకులు. నూలు పట్టుకుని ఇక్కడి నుంచి అక్కడికి, అక్కడి నుంచి ఇక్కడికి, ఒక్క చీరకు వేలసార్లు చెయ్యి తిప్పాలి. పొద్దున స్కానింగ్ కాగితం మీద నా పని ఏమిటని అడిగితే, నేను నోరు తెరిచేలోపే ఆయన “ఇంట్లనే ఉంటది” అని రాయించాడు. చెయ్యి లేవడం లేదని మొదటిసారి చెప్పిన రోజు మా అత్త నిర్మలమ్మ, నలుగురు పిల్లల్ని కన్నప్పుడు కూడా తాను ఆసు ఆపలేదని అంది. ఆమె కుడి చెయ్యి ఇప్పటికీ జడ దాకా పోదు. ఆ సంగతి మాత్రం ఎవరూ మాట్లాడరు.

మొదటిసారి గొట్టంలోకి పంపి మిషన్ టకటకమనిపించగానే నా వేళ్లు లేచాయట. నిజంగా నాకు తెలియదు. ఆ చప్పుడుకు ఒక మేకు, ఇంకో మేకు అని లోలోపల లెక్క మొదలైంది, వేళ్లు నూలును వెతుక్కున్నాయి.

స్కాన్ తీసే మనస్విని అనే పిల్లకు సిగ్గుపడుతూ ఈ మాటే చెప్పాను. ఆ పిల్ల తిట్టలేదు. మోచేతి కింద మెత్త పెట్టింది, అరచేతి మీద చిన్న ఇసుకసంచి పెట్టి పట్టీ బిగించింది. ఛాతీతో ఊపిరి తీస్తే భుజం కదులుతుందని, పొట్టతో మెల్లగా తియ్యమంది. ఒకేసారి కాకుండా మధ్యమధ్య ఆపి తీస్తానంది.

“గిప్పుడు నీకు ఏం పని లేదక్కా. కదలకుండుడే నీ పని.”

ఈ మాట నాతో ఇంతవరకు ఎవరూ అనలేదు. కన్నీళ్లు చెవుల్లోకి కారాయి. తుడుచుకుంటే ఫొటో పాడవుతుందని అలాగే వదిలేశాను.

ఈసారి స్పష్టంగా వచ్చింది. భుజంలో కండరాన్ని ఎముకకు పట్టి ఉంచే తాడు సగానికి పైగా తెగింది. మూడు నెలలు ఆసు ముట్టొద్దని, తగ్గకపోతే ఆపరేషనేనని డాక్టరు చెప్పాడు. తిరుగు బస్సులో శ్రీశైలం “ఎడమ చెయ్యి మంచిగనే ఉన్నది గద” అన్నాడు.

తెల్లవారి లేచేసరికి ఆసు ఎడమ పక్కకు జరిపి ఉంది, నూలు కూడా పెట్టి ఉంది. ఎదురు చెప్పే ధైర్యం నాకు ఎన్నడూ లేదు, ఆ పొద్దునా రాలేదు. వెళ్లి ఆసు ముందే నేల మీద వెల్లకిలా పడుకున్నాను. మోచేతి కింద దుప్పటి మడిచి పెట్టుకుని, పొట్టతో మెల్లగా ఊపిరి తీశాను.

అత్త రెండుసార్లు పిలిచింది. శ్రీశైలం వచ్చి తల దగ్గర నిలబడి, “లే, పొద్దెక్కుతాంది” అన్నాడు.

వేళ్లు లేవబోయాయి. వాటి మీద ఇసుకసంచి లేదు. అయినా నేను కదల్లేదు.