ఆఖరి పదహారు పేజీలు

మైదా జిగురు ఉడికిస్తూ గరిట తిప్పడం మరిచిపోయాడు ఏసోబు. అడుగంటింది. నకిరేకల్ గ్రంథాలయంలో ఇరవై ఆరేళ్లుగా అటెండరు, జిగురు మాడబెట్టడం ఇదే మొదలు.

చిరిగిన పుస్తకాలు కుట్టడం అతని పని. ఎవరూ చెప్పని పని ఇంకొకటుంది. పాత డిటెక్టివ్ నవలల్ని ఎలుకలు కొరుకుతాయి. వాటికి మైదా మీద మక్కువో కథ మీద మక్కువో గానీ, సరిగ్గా హంతకుడు బయటపడే పేజీలే తింటాయి. ఆ పేజీలు ఏసోబు సొంతంగా రాసి కుట్టేస్తాడు. అడిగితే, ఇంకో ప్రతి చూసి ఎత్తిరాశానంటాడు. పదో తరగతి తప్పినవాడు నవల ముగిస్తాడని ఎవరనుకుంటారు?

ఈసారి మాత్రం నాలుగు రోజులుగా కాలుగాలిన పిల్లిలా తిరుగుతున్నాడు. నిజాం కాలం నాటి కథ. కోటలాంటి గడీలో దొర తమ్ముణ్ణి ఎవరో పొడిచారు. గడప దగ్గర నెత్తుటిలో చెప్పు గుర్తు. అందరూ వెట్టివాడు లింగడి మీదే వేలు చూపారు. అక్కడితో పేజీలు లేవు. లింగణ్ణి ఉరికి పంపడానికి ఏసోబుకు మనసొప్పలేదు. అతని తాత కూడా గడీలో వెట్టి చేసినవాడే. పోయిన వెండి చెంబొకటి దొంగిలించాడన్న నింద ఆయన నెత్తిన పడింది, చచ్చేదాకా దిగలేదు.

పుస్తకం కమలాకర్ సారు దగ్గరుంది. రిటైరైన లెక్కల సారు, కిడ్నీలు చెడి మంచం పట్టాడు. "ఆఖరి పేజీలు జల్ది తే ఏసోబూ. తెల్వకుండనే పోతనేమో," అని నిన్న ఫోను చేశాడు.

మధ్యాహ్నం బువ్వకు పోతుంటే తల్లి మైసమ్మ ఎదురొచ్చింది. ఊళ్లో కూలిన గడీ ముందుకు రాగానే ఆమె చెప్పులు విప్పి చేతబట్టుకుంది.

"దొర యాడున్నడే ఇంకా? కాళ్లు కాల్తలేవా?"

"మా అత్త నేర్పిన అలవాటు బిడ్డా. గడీ దాటేదాంక మనోళ్ల కాళ్లకు చెప్పులుండొద్దు."

ఏసోబు ఎండలోనే నిలబడిపోయాడు. మరి గడీ లోపల లింగడి కాళ్లకు చెప్పులెక్కడివి? అక్కడ చెప్పులతో తిరిగే హక్కు ఒక్క దొరకే ఉంది.

బువ్వ మాట మరిచి వెనక్కి ఉరికాడు. గ్రూప్స్ పరీక్షలకు చదివేవాళ్లు పేపరడిగితే "జర ఆగుండ్రి" అని కసిరాడు. నాలుగింటికల్లా పదహారు పేజీలూ అయ్యాయి.

సారు ఇంటి ముందు టెంటు వేస్తున్నారు. పన్నెండింటికే ప్రాణం పోయిందట. కూతురు మనస్విని పుస్తకం తెచ్చిచ్చింది, మధ్యలో పెన్సిల్ ముక్కతో సహా.

"పొద్దటిదాంక చేతులనే ఉండె అంకుల్."

మిగిలిన చివరి పేజీ అంచున వణికిన పెన్సిల్ రాత: 'లింగడు కాదు. నీ చేతిల ఎన్నడూ పనోడు చావలే ఏసోబూ. ఈసారి ఎట్ల తప్పిస్తవో చూడాలె.'

అన్నేళ్లూ సారుకు తెలుసు. ఏసోబుకు ఏడుపాగలేదు. తాను రాసిన పేజీలు మడిచి సారు చల్లటి చేతి కింద పెట్టాడు.

పుస్తకం మర్నాడు బీరువాలోకి చేరింది. ఆ పదహారు పేజీలు ఉండాల్సిన చోట, సారు కొన కొరికిన పెన్సిల్ ముక్క ఉంది.