ఇద్దరికీ ఒక్క కోటు

పొద్దున పదిన్నరకు జహీరాబాద్ కోర్టుకు అందరికంటే ముందు సుదర్శన్ వకీలు కోటు వస్తది. ఒట్టి కోటే. మనిషి ఎంపీ అయి ఢిల్లీకి పొయ్యి ఏడాదాయె. కోటు మాత్రం ఎప్పటిలెక్కనే మెట్లెక్కి వచ్చి ముందు కుర్చీల కూసుంటది. బంట్రోతు దారిస్తడు, జడ్జి మేడం తలూపుతది. కేసు పిలిస్తే లేచి నిలబడ్తది. అది మాట్లాడదు గనుక వాయిదా వేస్తరు.

వెనక బెంచీల కూసున్న రేవణసిద్ధప్ప వకీలుకు దాన్ని చూస్తే ఒళ్లు మండుతది.

ఎందుకు మండదు? ఇద్దరూ ఒకేసారి వకీళ్లయిన్రు. అప్పట్ల గతిలేక ఇద్దరు కలిసి ఒక్కటే కోటు కుట్టిచ్చుకున్నరు. ఎవరికి కేసుంటే ఆ రోజు కోటు వాళ్లది. రెండోవాడు ఒట్టి అంగీతోని బయట కూసోవాలె. సెక్షన్లన్నీ సిద్ధప్పకు నోటికొచ్చు. సుదర్శన్‌కు నవ్వొచ్చు. కేసులన్నీ ఆ నవ్వుకే పొయ్యినయి, వాటెంట కోటు కూడా. ఆఖరికి ఓట్లు కూడా ఆ నవ్వుకే పడ్డయి! గెలిచిన రోజు దోస్తుకు దండ వేసి ఇంటికొచ్చిన సిద్ధప్ప అన్నం ముట్టలేదు. "వాని వాదనలన్నీ రాసిచ్చింది నేనే గదనే," అని భార్య గిరిజమ్మతోని ఇప్పటికి వందసార్లన్నడు.

ఆ రోజు న్యాల్‌కల్ రత్నమ్మ కేసు పిలిచిన్రు. ఆమె రెండెకరాల అల్లం చేను మరిది కలుపుకున్నడు. తొమ్మిదేండ్ల నుంచి కోర్టు చుట్టూ తిరుగుతున్నది.

"ఇంక వాయిదాల్లేవు. ఇయ్యాల వాదించకపోతే కేసు కొట్టేస్త," అన్నది జడ్జి.

కోటు లేచి నిలబడ్డది. రత్నమ్మ దానికే దండం పెట్టి, "జర మాట్లాడు సారూ," అని ఏడ్సింది.

వకాల్తా మీద సిద్ధప్ప సంతకం కూడా ఉన్నది. లేవాలంటే లేవొచ్చు. లేవలేదు. కొట్టేయనీ, ఎంపీ సాబ్ ఇజ్జత్ పోనీ అనుకొని గోళ్లు చూసుకుంట కూసున్నడు.

కోటు వెనక్కి తిరిగింది. బెంచీల నడుమకెల్లి వచ్చి, సిద్ధప్ప ముందర ఆగి చేతులు చాపింది. ఆయన తర్వాత కుట్టిచ్చుకున్న సొంత కోటు ఎప్పుడు ఇడిసిండో ఆయనకే ఎరుకలేదు. ముప్పై ఏండ్ల కిందటి కోటు భుజాల కాడ సక్కగ కూసున్నది.

పదకొండున్నరకు నోరు తెరిస్తే ఒంటిగంట దాంక ఆపలేదు. చేను రత్నమ్మదేనని సాయంత్రానికి తీర్పొచ్చింది. ఆమె సిద్ధప్ప చెయ్యి పట్టుకొని, "ఇన్నేండ్లు యాడున్నవు సారూ?" అన్నది.

ఇంటికి రాంగనే ఢిల్లీ నుంచి ఫోన్.

"సిద్ధప్పా, ఇయ్యాల పదకొండున్నరకు సభల మాట్లాడుదామని లేచిన. ఒక్క మాట రాలే. అందరూ చూసిన్రు." సుదర్శన్ గొంతుల నవ్వు లేదు. "ఎల్లుండి ఇంకోసారి చాన్స్ ఇచ్చిన్రు. కోటు నీకాడ ఉన్నదట గదా, పంపు రా."

సిద్ధప్పకు కడుపుల సల్లగయింది. గంత సంబరపడుడు తప్పని తెలుసు, అయినా సంబరమే. వాకిట్ల అప్పుడే చిరాగ్‌పల్లి రైతులు ముగ్గురు కాయితాలు పట్టుకొని కూసున్నరు.

"ఎల్లుండి నాకు కేసుంది రా," అన్నడు.



"సరే తియ్," అన్నడు సుదర్శన్. "నేను బయట కూసుంట."