కమిటీ చూసిన బడి

భద్రాచలం నుంచి వస్తున్న జీపులో నిర్మలాదేవి దారి పొడుగునా మాట్లాడుతూనే ఉంది. మాట్లాడక ఏం చేస్తుంది? ఈ జీపు కోసమే ఆమె ఏళ్ల తరబడి చెప్పులరిగేలా తిరిగింది. హైదరాబాదులో ఎమ్మెల్యే క్వార్టర్ల మెట్ల మీద కూర్చుంది. అసెంబ్లీ గేటు దగ్గర పాసు కోసం ముక్కూ మొహం తెలియని వాళ్లను బతిమాలింది. చివరికి శాసనసభ కమిటీ చైర్మన్ గారు, "బడి చూడకుండా సిఫార్సు ఎలా రాస్తామమ్మా? వచ్చి చూస్తాంలే" అన్న రోజున, బస్టాండులో ఒక్కతే కూర్చుని పావుకిలో జిలేబీ కొనుక్కుని మొత్తం తినేసింది. అంత సంతోషపడింది పిచ్చిది.

పినపాక దాటి అడవి దారి పట్టాక ఎర్రమద్దిగూడెం వస్తుంది. అక్కడి ఆడపిల్లల ఆశ్రమ పాఠశాలకు ఆమె హెడ్‌మిస్ట్రెస్. కోయ పిల్లలు. బడి ఏడో తరగతితో ఆఖరు.

"పాక కురుస్తుందండీ," అని ముందు సీట్లోని చైర్మన్‌కి వినబడేలా గొంతు పెంచింది. "ఉన్న రెండు రేకుల గదులూ చాలక పగలు పాఠాలూ అందులోనే, రాత్రి పడకలూ అందులోనే. వాన వస్తే పిల్లలు పుస్తకాలు పొట్టకి కరుచుకుని తెల్లవార్లూ గోడవార నిలబడతారు. బల్లల్లేవు, మంచాల్లేవు. గట్టి బిల్డింగూ ఎనిమిదో తరగతీ ఇస్తే చాలండీ, ఇంకేమీ అడగను."

"చూద్దామమ్మా, చూద్దాం," అన్నాడాయన. మంచివాడిలాగే ఉన్నాడు.

ఎనిమిదో తరగతి ఎందుకో ఆమె విడమరిచి చెప్పింది. ఈ చుట్టుపక్కలకు సర్కారు ఒక్క హైస్కూలుకే డబ్బిస్తానంటోంది. అయితే ఈ ఆశ్రమ పాఠశాలను పెంచాలి, లేకపోతే పినపాకలో వెంకటనారాయణ నడిపే ప్రైవేటు హైస్కూలుకు ఎయిడ్ ఇవ్వాలి. అక్కడి హాస్టల్ మగపిల్లలకే. ఎయిడ్ అటు పోయిందంటే ఈ ఆడపిల్లల చదువు ఏడుతో సరి. సారక్క అనే పిల్ల ఈ ఏడాది ఏడు చదువుతోంది. లెక్కల్లో దానికి ఎదురే లేదు. వాళ్ల నాన్న పగిడయ్య ఒకటే మాటన్నాడు: "గీడ్నే ఉంటె ఎంతదాంక సదివినా సరే టీచరమ్మా. లేకుంటె వచ్చే ఎండాకాలం పెండ్లి జేస్త." సంబంధం కూడా చూసి పెట్టాడు. ఆ పిల్లకు పదమూడేళ్లు.

జీపు మలుపు తిరిగింది. నిర్మలాదేవి మాట సగంలో ఆగిపోయింది.

గేటుకి మామిడి తోరణం. షామియానా. మైకు. వాకిట్లో ఎర్ర తివాచీ, దాని మీద తెల్లచొక్కా వెంకటనారాయణ, చేతిలో బంతిపూల దండ. జీపు దిగిన ఆమెను అక్కడే నిలబెట్టేసింది అది కాదు. నిన్న పొద్దున్న కమిటీని తీసుకురావటానికి భద్రాచలం వెళ్లేటప్పుడు ఆకాశం కనబడిన పాక, ఇవాళ పచ్చటి కొత్త తాటాకుతో మిసమిసలాడుతోంది. లోపల ఇనప మంచాలు వరసగా, వాటి మీద తెల్లటి దుప్పట్లు. రెండు క్లాసు గదుల నిండా బల్లలు. తన బడిని తానే పోల్చుకోలేకపోయింది.

"ఏంది వెంకటనారాయణ గారూ ఇది?" అని అడిగింది.

"పెద్దోళ్లొస్తుంటె పరువు పోగొట్టుకుంటమా చెల్లెమ్మా?" అన్నాడాయన నవ్వుతూ. ఎక్కడి చెల్లెలు! ఆయనకు ఆమె చెల్లెలయింది ఆ నిమిషంలోనే.

పాక దగ్గర పగిడయ్య చేతులు కట్టుకుని నిలబడి ఉన్నాడు. ఆయన వెనక ఇంకా పదిమంది తండ్రులు, ఒంటి నిండా తాటాకు గీతలు. "నీకు మాట రావద్దని తల్లీ," అన్నాడు గర్వంగా. "నిన్న పొద్దుమూకిందాంక కప్పినం. ఒక్క సుక్క కురవది ఇగ." ఆమెకు ఏడుపొచ్చింది. వెంకటనారాయణను తిట్టవచ్చు, నోరారా తిట్టవచ్చు. ఈ మనిషిని ఏమని తిడుతుంది? ఆమె మీద ప్రేమ కొద్దీ, కూలి మానుకుని, తన కూతురి ఎనిమిదో తరగతిని తన చేతుల్తోనే కప్పేశాడు.

చైర్మన్ గారు పాకలోకి వెళ్లారు, దుప్పటి తడిమారు, తల పైకెత్తి చూశారు. తర్వాత నిర్మలాదేవి వైపు తిరిగి, "దారంతా మీరు చెప్పిన బడి ఇదేనా టీచరమ్మా?" అన్నారు. వెనకున్న మెంబర్లు పగలబడి నవ్వారు.

"ఇవి మా మంచాలు కావండీ. మొన్న లేవు ఇక్కడ. బల్లలూ మావి కావు!"

"టీచరమ్మకు ఎంతిచ్చినా చాలదు సార్," అన్నాడు వెంకటనారాయణ ఎంతో మర్యాదగా. "పొద్దున లేస్తే అది లేదు, ఇది లేదు అనుడే. మీ కండ్ల ముంగటనే ఉన్నయి గద. అన్ని బడియే."

చైర్మన్ ఎదురుగా ఉన్న సారక్కను దగ్గరకు పిలిచారు. "భయపడకుండా చెప్పు పాపా. రాత్రి ఎక్కడ పడుకున్నావు?"

సారక్క అబద్ధమాడే పిల్ల కాదు. అబద్ధమాడితే తోలు తీస్తానని నేర్పింది నిర్మలాదేవే. "మంచం మీన్నే పన్నం సార్," అంది ఆ పిల్ల. నిజమే. నిన్న ఒక్క రాత్రి పడుకుంది.

"మొన్న రాత్రి ఎక్కడో అడగండి! అంతకు ముందు రాత్రి అడగండి!" అని అరిచింది నిర్మలాదేవి. అడగలేదు. జవాబు దొరికిన వాళ్లు మళ్లీ ఎందుకు అడుగుతారు? మైకు ముందు చైర్మన్ గారు ఇంత చక్కటి ఆశ్రమ పాఠశాలను ఎక్కడా చూడలేదన్నారు. అవసరం ఉన్నచోటే సర్కారు సొమ్ము పోవాలన్నారు. కమిటీ భోజనాలు వెంకటనారాయణ ఇంట్లో, మూడింటికి ఆయన హైస్కూలూ హాస్టలూ చూడటం అని కార్యక్రమం చదివారు. పిల్లల చేత చప్పట్లు కొట్టించారు. తమ చదువు పోయినందుకు ఆ పిల్లలు చేతులు నొప్పి పుట్టేలా కొట్టారు.

జీపులు పోయాక ఆమె షామియానా కింద కుర్చీలో కూలబడింది. వంటమనిషి గంగక్క మంచినీళ్ల చెంబు తెచ్చి పక్కన నిలబడింది.

"కాఫీ పెట్టాల్నా టీచరమ్మా?"

"వద్దు."

"మంచాలు జల్దీ ఎక్కియ్యాల్నట. లారీ వస్తున్నదట," అంది గంగక్క.

"ఎవరి లారీ?"

"ఆ వెంకటనారాయణదే. మూడింటికి ఆళ్ల హాస్టల్ల పరవాల్నట గద ఇయ్యే మంచాలు! ఆడ పోరగాండ్లు రాత్రి నేలమీన్నే పన్నరట. లారీ డ్రైవర్ రూప్లా చెప్పిండు."

నిర్మలాదేవి చెంబు కింద పెట్టింది. అప్పుడర్థమయింది ఆమెకు మొత్తం. ఆయన దగ్గరున్నది ఒక్క జత సామాను. పొద్దున ఇక్కడ చూపించి ఈ బడికి ఏమీ అక్కర్లేదనిపించాలి, సాయంత్రం అక్కడ చూపించి ఎయిడ్‌కి అన్ని అర్హతలూ ఉన్నాయనిపించాలి. పరువట, పరువు! లేచి నేరుగా పాక దగ్గరకు పోయి తలుపు మూసి తాళం పెట్టింది. క్లాసు గదులకూ పెట్టింది. తాళంచెవులు కొంగున ముడేసుకుంది.

"గంగక్కా, తల్లుల్ని పిలువు. వాకిట్లో కూర్చోమను."

లారీ వచ్చింది. రూప్లా దిగి, వాకిలికి అడ్డంగా కూర్చున్న ఆడవాళ్లను చూసి బిక్కమొహం వేశాడు. "మంచాలమ్మా..." అన్నాడు.

"బడి మంచాలు బయటికి పోవు నాయనా. ఇవి బడివేనని మీ సారే నలుగురిలో చెప్పారు. పోయి చెప్పు."

రూప్లా ఖాళీ లారీ తిప్పుకుని పోయాడు. పగిడయ్యకు ఏమీ పాలుపోలేదు. "ఏందమ్మా గిట్ల జేస్తున్నవ్? ఆయన సామాను ఆయనకియ్యకపోతే పోలీసులొస్తరు," అన్నాడు.

"రానీ. పగిడయ్యా, నువ్వు కప్పిన తాటాకు చూసే వాళ్లు బడి బాగుందన్నారు. నీ బిడ్డకి ఎనిమిదో తరగతి లేదన్నారు." ఇంత కటువుగా చెప్పాలని ఆమె అనుకోలేదు. నోరు ఆగలేదు. పగిడయ్య కప్పు వైపు చూశాడు, తన చేతుల వైపు చూసుకున్నాడు. తర్వాత పోయి ఆడవాళ్ల పక్కన నేలమీద కూర్చున్నాడు.

పోలీసులు రాలేదు, కమిటీయే వచ్చింది. మూడు దాటింది. జీపులు దుమ్ము రేపుకుంటూ ఆగాయి. చైర్మన్ గారి మొహం ఎర్రగా ఉంది. భోజనం దగ్గర ఆయన చెవిలో ఏం పడిందో ఆయన మొదటి మాటలోనే తెలిసిపోయింది.

"ఏమ్మా, నువ్వు టీచరువా, రౌడీవా? పాపం, పిల్లలు కష్టపడుతున్నారని దయతలిచి ఆయన తన హాస్టల్ మంచాలు తెచ్చి నీ బడిలో వేస్తే, ఇవ్వనని తాళం వేస్తావా? అక్కడ హాల్లో ఏమీ లేదు! మేం పోయి ఖాళీ గోడలు చూడాలా? రేపే నీ మీద రిపోర్టు పంపిస్తా."

వెంకటనారాయణ వెనక తల వంచుకుని దిగులుగా నిలబడ్డాడు. ఎంత బాగా నిలబడ్డాడంటే, ఎవరికైనా జాలేస్తుంది.

నిర్మలాదేవి ఒక్క క్షణం ఆయన వైపు, ఒక్క క్షణం చైర్మన్ వైపు చూసింది. ఇన్నాళ్ల తిరుగుడూ, మెట్ల మీద కూర్చోవటమూ, చేతులు కట్టుకోవటమూ ఆమెకు ఒక్కసారిగా గుర్తొచ్చాయి.

"దయతలిచి తెచ్చి వేశారా అండీ?"

"అవును!"

"ఎందుకు తెచ్చారండీ? మాకు ఉంటే తెచ్చేవారా?"

జవాబు కోసం ఆమె ఆగలేదు.

"పొద్దున ఇదే వాకిట్లో నేను మంచాల్లేవంటే నవ్వారు. అన్నీ బడివే అన్నారు ఈయన. ఇప్పుడు తనవంటున్నారు. రెండింట్లో ఏది రాసుకుంటారో మీ ఇష్టం. ఇవి బడివైతే లారీలో ఎక్కవు, అక్కడి హాస్టల్‌లో ఏమీ లేదని రాయండి. ఆయనవైతే ఇప్పుడే పట్టుకుపోమనండి, ఇక్కడ ఏమీ లేదని రాయండి. రెండు చోట్లా ఉన్నాయని మాత్రం రాయటానికి వీల్లేదు!"

చైర్మన్ వెంకటనారాయణ వైపు తిరిగారు. "ఎవరివయ్యా మంచాలు?"

బడివే అంటే తన హాస్టల్ ఉత్తదని తేలుతుంది, ఎయిడ్ పోతుంది. కొన్న సామాను కూడా పోతుంది. "నాయే సార్," అన్నాడు, నేల చూస్తూ.

కొంగు ముడి విప్పి నిర్మలాదేవి తాళంచెవులు గంగక్కకు విసిరింది. "తియ్యండి బయటికి. అన్నీ. దుప్పట్లతో సహా."

తల్లులు లేచారు, పిల్లలు లేచారు. అందరూ కలిసి చైర్మన్ గారి పక్క నుంచే మంచాలు మోసుకుపోయారు. ఆయనకు దారివ్వక తప్పలేదు. తర్వాత బల్లలు. చివరికి పాకలో అలికిన నేల మిగిలింది, గోడకు ఆనించి చుట్టిన చింకి చాపలు మిగిలాయి. అప్పుడు పగిడయ్య కప్పు మోసే నడిమి గుంజ, నిట్టాడి, పట్టుకుని ఎక్కి, నిన్న తానే కప్పిన తాటాకును ఒక పక్క చేత్తో లాగి పడేశాడు. వెలుతురు లోపల పడింది.

"గిట్లుండె సార్ మొన్న," అన్నాడు కిందికి చూస్తూ. "సూడున్రి మంచిగ."

చైర్మన్ చూశారు. ఈసారి చూడక తప్పలేదు. సెక్రటరీని పిలిచి మెల్లగా ఏదో చెప్పబోయారు.

"పైకి చెప్పండి," అంది నిర్మలాదేవి. "పొద్దున మైకులో చెప్పారుగా. ఇదీ అందరికీ వినబడాలి."

ఆయన పళ్లు కొరికారు. కానీ చుట్టూ జనం ఉన్నారు, ఎలక్షన్లు ఎంతో దూరంలో లేవు. "ఎర్రమద్దిగూడెం ఆశ్రమ పాఠశాలకు బిల్డింగు లేదు, సామాను లేదు. జూన్ నుంచి ఎనిమిదో తరగతి తెరవాలని కమిటీ సిఫార్సు చేస్తోంది," అన్నారు. సెక్రటరీ రాసుకున్నాడు. గంగక్క కోయ మాటల్లోకి మార్చి ఆడవాళ్లకు చెప్పింది. సారక్క వాళ్లమ్మ కొండమ్మ మొగుడి వైపు చూసింది. పగిడయ్య తలూపాడు.

"కోపం ఎక్కువమ్మా మీకు," అన్నారు చైర్మన్ జీపెక్కుతూ, అదేదో నవ్వులాటలాగా.

"ఎక్కువేనండీ. జూన్‌లో తలుపు తెరవకపోతే ఈ పిల్లల్ని తీసుకుని మీ క్వార్టర్ల మెట్ల మీద పడుకుంటాను. మీ మెట్లు నాకు బాగా తెలుసు."

ఆయన నవ్వు ఆగిపోయింది. జీపులు కదిలాయి. అలవాటు కొద్దీ జనమంతా చేతులెత్తి దండం పెట్టారు. నిర్మలాదేవి మాత్రం పెట్టలేదు.