బస్తా దించే పద్ధతి

కెనడాలో, సస్కటూన్ చలికి ఇసుక కూడా రాయైపోతుంది. ధాత్రి గరాజ్‌లో పెట్టుకున్న రెండు ఇసుక బస్తాలూ డిసెంబరు మొదటి వారానికే బిగుసుకుపోయాయి. ఎత్తితే బస్తాకేమీ కాలేదు, ధాత్రి మోచెయ్యి దోక్కుపోయింది.

ధాత్రికి పదిహేడేళ్లు. పన్నెండో తరగతి. కింగ్‌స్టన్‌లో ఉన్న మిలిటరీ కాలేజీలో చేరతానని పట్టుబట్టింది. అప్లికేషనుతో పాటు, మన ఎన్‌సీసీ లాంటి కేడెట్ల దళంలో తనకు శిక్షణ ఇచ్చే కెప్టెన్ దగ్గర నుంచి ఒక ఉత్తరం కావాలి. ఆయన పెట్టే పరీక్ష నెగ్గనివాళ్లకు ఉత్తరం రాయడు. ముందు పరుగు. తర్వాత ఇరవై కిలోల బస్తాలు రెండింటిని, ఒకదాని తర్వాత ఒకటి, గోడ మీద నడుమెత్తున ఉన్న గీత దాకా ఎత్తాలి. ముప్పైసార్లు. మూడున్నర నిమిషాల్లో.

తాత యజ్ఞనారాయణ ఆలోచించి, బేస్‌మెంట్‌లో ఉన్న సోనామసూరి బస్తాలు రెండు చూపించాడు. ఒక్కోటి పద్దెనిమిది కిలోలు. ఒక్కోదాని మీద రెండు కిలోల కందిపప్పు ప్యాకెట్టు పెట్టి టేపు చుట్టాడు. బరువు సరిపోయింది.

నానమ్మ భ్రమరాంబ మెట్ల మీద నిలబడి చూసింది.

"ఎత్తితే ఎత్తావు గానీ, దభీమని పడేశావంటే ఊరుకోను. అది అన్నం తల్లీ. పసిపిల్లని పడుకోబెట్టినట్టు దించు."

"ఓకే నానమ్మా."

"కాలు తగిలితే కళ్లకద్దుకో."

"ముప్పైసార్లూనా?"

"తగిలినన్నిసార్లూ."

రెండు నెలలు ధాత్రి అలాగే ఎత్తింది, అలాగే దించింది. చివరికి మూడు నిమిషాల ఇరవై అయిదు సెకన్లకు వచ్చింది. అయిదు సెకన్లు మిగులు. చాల్లే అనుకున్నారు.

పరీక్ష రోజున యజ్ఞనారాయణే కారులో తీసుకెళ్లి, హాల్లో గోడవార బెంచీ మీద కూర్చున్నాడు. ధాత్రి పరుగు నెగ్గింది. కాళ్లు మాత్రం అలిసిపోయాయి. బస్తాల దగ్గర మిగతా పిల్లలు ఎత్తడం, దభీమని పడెయ్యడం. ధాత్రి రెండు చేతులా పట్టుకుని మెల్లగా దించింది. మధ్యలో బూటు తగిలితే ఆగి, బస్తాను ముట్టుకుని కళ్లకద్దుకుంది. కెప్టెన్ గడియారం చూశాడు, ధాత్రిని చూశాడు.

మూడు నిమిషాల నలభై ఒక్క సెకను.

"పడెయ్యాలమ్మాయ్. బస్తాకేం నొప్పి పుట్టదు," అన్నాడు ఇంగ్లీషులో. "పావుగంట ఆగి ఇంకొక్కసారి చెయ్యి. ఉత్తరాలు ఇవాళే పంపాలి."

ధాత్రి వచ్చి తాత పక్కన కూలబడింది.

"ఐ ట్రైడ్, తాతా. మై హ్యాండ్స్ వోంట్ లెట్ గో. నానమ్మ మెట్ల మీద నిలబడి చూస్తున్నట్టే ఉంది."

యజ్ఞనారాయణ పావుగంట అవుతుండగా ఇంటికి ఫోను కలిపి స్పీకర్ నొక్కాడు.

"నెగ్గిందా?" అంది భ్రమరాంబ.

"లేదు. దించడం ఆలస్యమైంది."

"అంత నెమ్మదిగా దించమని ఎవరు చెప్పారట?"

"నువ్వు."

అవతల కుక్కరు కూతేసింది, స్టవ్వు కట్టేసిన చప్పుడైంది.

"అక్కడ కూడా బియ్యమేనా?"

"ఇసుక."

"ఇసుకైతే నన్నడుగుతారేమిటండీ? ధాత్రీ! విసిరికొట్టవే! నేను చెప్తున్నాగా!"

హాల్లో అందరూ ఇటు తిరిగారు. ధాత్రి లేచి వెళ్లింది. యజ్ఞనారాయణ ఫోను కట్టెయ్యడం మరిచిపోయాడు.

మొదటి బస్తా చేతుల్లోంచి జారింది. రెండోది పడేసింది. మూడోది విసిరింది. నేల అదిరింది.

"ఏమిటండీ ఆ చప్పుడు?"

"మన పిల్లే."

"అయ్యో, మెల్లగా!" అంది భ్రమరాంబ. వెంటనే, "కాదు కాదు, కానిమ్మనండి," అంది.

మూడు నిమిషాల ఎనిమిది సెకన్లు.

ధాత్రి మోకాళ్ల మీద చేతులు పెట్టుకుని వగరుస్తోంది. కెప్టెన్ బెంచీ దగ్గరికొచ్చి, అక్కడే ఉత్తరం మీద సంతకం పెట్టాడు.

"ఫోన్లో ఎవరు?"

"నా భార్య," అన్నాడు యజ్ఞనారాయణ, తనకొచ్చిన ఇంగ్లీషులో.

"ఆవిడ సైన్యంలో చేశారా?"

యజ్ఞనారాయణ కాసేపు ఆలోచించాడు.

"లేదు," అన్నాడు.