బొట్టు పెట్టిన వీడియో గేమ్

శ్రీదేవికి ఒళ్లు మండిపోతోంది. మండదా మరి? దసరా నాడు జమ్మి ఆకు చేతిలో పెట్టి కాళ్లు మొక్కిన తమ్ముణ్ణి, మర్నాడే ఫోన్లో నానా మాటలూ అన్నాడు ఆమె మొగుడు లింగస్వామి. ఇంతకీ సునీల్ చేసిన నేరమేమిటంటే, పండగ పూట కాసేపు బావగారి పాత వీడియో గేమ్ ఆడాడు. తెల్లారేసరికి అది సీడీ చదవడం మానేసింది.

"నీ చేతులల్ల పడ్డదేది బాగుపడ్డది? ఇంక నా గడప తొక్కకు" అన్నాడు లింగస్వామి. పెళ్లికి ముందు నుంచి దాచుకున్న ఆ డబ్బా మీదున్న ప్రేమ బామ్మర్ది మీద లేకపోయింది.

సునీల్ రామన్నపేట నుంచి అక్కకు ఫోన్ చేసి, ఆదివారం రానని చెప్పేశాడు. ఆదివారం శ్రీదేవి కొడుక్కు పుట్టెంటికలు తీసే రోజు. మేనమామ ఒడిలో కూర్చోబెట్టుకుని మొదటి కత్తెర వెయ్యకపోతే అవి పుట్టెంటికలు ఎట్లా అవుతాయి? చౌటుప్పల్‌లో చుట్టాలందరికీ పిలుపులు కూడా అయిపోయాయి.

శ్రీదేవి వీడియో గేమును టీవీ ముందు నుంచి లాక్కుంది.

"నీకేం తెలుస్తది?" అన్నాడు లింగస్వామి.

"నా తమ్ముడు ఖరాబు చెయ్యలేదని తెలుసు."

ఇంకో సీడీ వేసి చూసింది. అదీ అంతే. చెవి దగ్గర పెట్టి వింది. సీడీ గిర్రున తిరుగుతోంది, మోటారుకేం కాలేదు. తిరుగుతూ కూడా చదవడం లేదంటే, చదివే కన్ను మీదే ఏదో ఉండాలి. మూత ఎత్తి, సెల్‌ఫోన్ లైటు వేసి, సీడీ కిందుండే చిన్న గాజు కన్ను మీదికి వంగింది. దాని నిండా పసుపు. సీడీ తగిలించే బుడిపె మీద పసుపు పూసి పెట్టిన ఇంత కుంకుమ బొట్టు.

దసరా పొద్దున బండికి, ఫ్రిజ్‌కి, గ్యాసు పొయ్యికి బొట్లు పెడుతూ, "పనిచేసేది లోపలనే గదా" అని దీని మూత కూడా ఎత్తిన మహానుభావుడు ఎవరు? ఆ పూట తడిగా ఉన్న పసుపు మర్నాటికి ఎండి, సీడీ తిరిగినకొద్దీ రాలి కన్నును కప్పేసింది.

"గిది సూడు" అంది. లింగస్వామి చూశాడు.

అగ్గిపుల్లకు దూది చుట్టి, స్పిరిట్‌లో ముంచి మెల్లగా తుడిచింది. సీడీ పెడితే టీవీలో ఆట మొదలైంది. లింగస్వామి మొహం వెలిగింది. ఆడదామని చెయ్యి చాచాడు.

"కన్ను నేను తుడిసిన. నీ నోరు ఎవలు తుడుస్తరు? ఫోన్ చెయ్."

చేశాడు. "సునీల్, గేమ్ బాగైంది. ఆదివారం రా."

"గది గాదు. అన్న మాట వాపస్ తీస్కో" అంది శ్రీదేవి.

లింగస్వామి గొంతు సవరించుకున్నాడు. "తప్పు నాదేరా. నేనే పసుపు పెట్టి ఖరాబు చేసిన."

"అక్కకియ్యి" అన్నాడు సునీల్.

ఆమె ఫోన్ అందుకుంది.

"వస్త అక్కా. పిలగాన్ని ఒడిల కూసోవెట్టుకుంట. గని ఆ ఇంట్ల అన్నం ముట్ట."

శ్రీదేవి ఆ మాటను మొగుడికి ఉన్నదున్నట్టు అప్పజెప్పింది. వీడియో గేమ్ తీసి అతని ఒళ్లో పెట్టింది.

"నా తమ్ముడు తినని బంతిల నేను గూడ కూసోను. వచ్చినోళ్లకు ఏం చెప్పుకుంటవో చెప్పుకో."