ఎడమచేత్తో రాసిన ఉత్తరం

హనుమయ్యకి అనుమానం జబ్బు కాదు, ఉద్యోగం. పదకొండేళ్లు కాలవ పనుల ఆఫీసులో టైమ్ కీపరుగా చేశాడు. పొద్దున్నే మస్తరు పుస్తకం చంకన పెట్టుకుని కట్ట మీదికి వెళ్లి కూలీల తలకాయలు లెక్కపెట్టడం అతని పని. మేస్త్రీలు తక్కువ వాళ్లు కాదు, చచ్చిపోయినవాళ్లచేత కూడా తట్టలు మోయించేవాళ్లు. రాములమ్మా అని పిలిస్తే రాములమ్మ చెల్లెలు పలికేది. ఎవరేం చెప్పినా నమ్మకుండా ఉండటానికే సర్కారు అతనికి జీతమిచ్చింది. డెబ్భై నాలుగు వేసవిలో తిరువూరు చుట్టుపక్కల పని అయిపోయిందని ఆ ఆఫీసు కాస్తా ఎత్తేశారు. జీతం ఆగింది గాని అలవాటు ఎక్కడికి పోతుంది? ఇంట్లో పాలుపోసే మనిషి దగ్గర్నుంచి మొదలుపెట్టాడు.

అదే రోజు, అదే సంతకంతో అంతోనయ్య ఉద్యోగం కూడా పోయింది. అంతోనయ్య ఆ ఆఫీసులోనే స్టోరు గుమస్తా. తిరువూరులో చర్చి వెనక వీధిలో ఇల్లు. ఇద్దరూ తొమ్మిదేళ్లు మధ్యాహ్నం ఒకే చోట కూర్చుని, ఒకరి కారియర్లోది ఒకరు తిన్నారు. మేస్త్రీలందర్నీ అనుమానించిన హనుమయ్య, ఆ తొమ్మిదేళ్లలో అంతోనయ్యని మాత్రం వదిలేశాడు. అప్పుడు అవసరం పడలేదు మరి.

ఇద్దరూ కలిసే బెజవాడ వెళ్లి ఎంప్లాయిమెంట్ ఎక్స్ఛేంజిలో పేర్లు రాయించుకున్నారు. వరండా నిండా డిగ్రీ కాగితాలు పట్టుకున్న కుర్రాళ్లు. అంతమంది మధ్య మనకేం వస్తుందిలే అని హనుమయ్య అప్పుడే నీరుగారిపోయాడు. లోపల బల్ల దగ్గర జ్ఞానమణి అనే గుమస్తా ఉంది. అన్నం డబ్బా తెరవబోతున్నదల్లా మూత పెట్టేసి వీళ్ల కాగితాలు అందుకుంది.

“మిమ్మల్ని పని లేక తీసేశారు కాబట్టి మీకు ముందు వరస ఇస్తామండి,” అంది. “కార్డు మీద ఎర్ర సిరాతో రాస్తున్నాను చూడండి. హనుమయ్యగారూ, మీకు ముప్ఫైనాలుగు నడుస్తోంది. ముప్ఫైఐదు దాటితే ఈ వరస కూడా పనిచెయ్యదు. ఇంటర్వ్యూ కార్డు పోస్టులో వస్తుంది. పిలిచిన రోజున రాకపోతే పేరు అడుక్కి వెళ్లిపోతుంది. అడ్రసు మాత్రం జాగ్రత్తగా రాయండి.”

బయటికొచ్చేముందు హనుమయ్య గొంతు తగ్గించి, “కాఫీకేమైనా...” అని జేబులో చెయ్యి పెట్టాడు.

“ఇందాకే తాగానండి,” అంది జ్ఞానమణి, రెండో మాట లేకుండా.

మామూలు మనిషైతే అక్కడ దణ్ణం పెట్టి వచ్చేసేవాడు. హనుమయ్యకి మాత్రం బస్సెక్కినా మనసు కుదుట పడలేదు. ఊరికే పనిచేసిపెట్టే గుమస్తాని అతను పుట్టి బుద్ధెరిగి చూడలేదు. ఇచ్చింది తీసుకోలేదంటే ఇంకెవరి దగ్గరో ఇంతకంటే ఎక్కువ తీసుకునే ఉంటుందని లెక్క తేల్చుకున్నాడు.

అడ్రసు సంగతి కూడా చెప్పాలి. తిరువూరు పోస్టుమ్యానుకీ అంతోనయ్యకీ మంచి స్నేహం, ఒకే కొట్లో టీ తాగుతారు. తన కార్డు వస్తే ముందు ఆ టీకొట్లో తెలుస్తుంది, ఆ తర్వాతే తనకి తెలుస్తుంది. అసలు తనదాకా వస్తుందని మాత్రం నమ్మకమేమిటి? అందుకని అరచెయ్యి అడ్డం పెట్టుకుని, విస్సన్నపేటలో ఉన్న అక్క సుబ్బాయమ్మ ఇంటి అడ్రసు రాశాడు. ఆ ముక్క అక్కకి కూడా చెప్పలేదు. చెబితే బావకి తెలుస్తుంది, బావకి తెలిస్తే సంతకి తెలుస్తుంది. తనే వారానికోసారి ఏదో వంకన వెళ్లి, ఎటో చూస్తూ “ఉత్తరాలేమైనా వస్తున్నాయా అక్కా” అని అడిగి వచ్చేవాడు.

నాలుగు నెలలు అలా గడిచాయి. ఇంట్లో భార్య రావమ్మ నోరెత్తి ఏమీ అనడం లేదు గాని, పాలు పోయించుకోవడం మానేసింది. అంతోనయ్య మాత్రం ధాన్యం బస్తాలు వచ్చిన రోజుల్లో రైసుమిల్లుకి వెళ్లి, బస్తాలు లెక్కరాసి రోజుకూలి తెచ్చుకుంటున్నాడు. ఆ మిల్లులో మనిషి కావాలంటే తననెందుకు పిలవలేదు? ఆ ప్రశ్న ఒకటి హనుమయ్య బుర్రలో చేరింది. అక్కణ్ణుంచి అంతోనయ్యని కనిపెట్టి ఉండటమే పనైపోయింది. విస్సన్నపేట వెళ్లడం కూడా మానేశాడు.

కనిపెట్టి చూస్తే ఎవరిలోనైనా ఏదో ఒకటి కనిపిస్తుంది. ఒక గురువారం పోస్టుమ్యాను అంతోనయ్య చేతిలో పొడుగాటి గోధుమరంగు కవరు పెట్టడం హనుమయ్య మంగలికొట్టు అద్దంలో చూశాడు. సాయంత్రం ఎదురుపడితే అంతోనయ్య వానల గురించి మాట్లాడాడు. మర్నాడు వరి పంట గురించి మాట్లాడాడు. కవరు మాట మాత్రం ఎత్తలేదు. మంగళవారం పొద్దున మొదటి బస్సు దగ్గర తెల్ల చొక్కా, ఇస్త్రీ పంట్లాము, చంకలో కాగితాల కట్టతో కనిపించాడు.

“ఎక్కడికయ్యా ఇంత పెందలాడే?” అన్నాడు హనుమయ్య.

“రెడ్డిగూడెం దాకా. మామిడితోట కాపలా పనేదో ఉందంటేనూ,” అన్నాడు అంతోనయ్య, మొహం బస్సువైపు తిప్పుకుని.

మామిడితోట కాపలాకి ఇస్త్రీ పంట్లాము! హనుమయ్యకి అరికాలి మంట నెత్తికెక్కింది. ఒకే రోజు తీసేశారు, ఒకే రోజు రాయించుకున్నారు, ఒకే ఎర్ర సిరా. మరి వాడికి వచ్చి తనకి రాకపోవడమేమిటి? ఆ జ్ఞానమణి కాఫీ ఎవరి దగ్గర తాగిందో ఇప్పుడు తెలిసింది. ఇద్దరూ ఒకే మతం కూడాను. తన కార్డు అడుక్కి తోసి వాడిది పైకి తీశారు. ఇందులో ఒక్కదానికి కూడా రుజువు లేదు. రుజువు లేకపోవడమే అతనికి పెద్ద రుజువుగా తోచింది.

ఇంటికెళ్లి తలుపు దగ్గరికి వేసుకుని కాగితం తీశాడు. రాత గుర్తుపడతారేమోనని ఎడమచేత్తో రాశాడు. ఫలానా అంతోనయ్య నిరుద్యోగి కాడనీ, రైసుమిల్లులో గుమస్తాగా నెలజీతం పుచ్చుకుంటూ ఆఫీసువారిని మోసం చేస్తున్నాడనీ, అక్కడి ఒక ఉద్యోగిని ఇందుకు తోడ్పడిందనీ, విచారించి అతని కార్డు రద్దు చేయవలసిందనీ వంకర టింకరగా రాసి, కింద ‘ఆకాశరామన్న’ అని పెట్టాడు. పేరు చెప్పుకోలేని ప్రతివాడికీ మన దేశంలో ఆ ఒక్క పేరే గదా. కవరు మీద అడ్రసు కూడా ఎడమచేత్తోనే రాశాడు. తిరువూరు ముద్ర పడితే ఎవరిదో ఊహిస్తారని బుధవారం పొద్దున్నే బస్సెక్కి విస్సన్నపేట వెళ్లి, పోస్టాఫీసు ముందున్న ఎర్రడబ్బాలో వేసి, చెయ్యి దులుపుకున్నాడు. అయిదు నెలల్లో మొదటిసారి ఒక పని చేసినట్టు ఒళ్లు తేలికపడింది.

ఎలాగూ వచ్చాడు కాబట్టి అక్క ఇంటికి వెళ్లాడు.

సుబ్బాయమ్మ తమ్ముణ్ణి చూడగానే చెయ్యి పట్టుకుని వంటింట్లోకి లాక్కుపోయింది. “నెల్లాళ్ల నుంచీ రావేంట్రా? నాకు ప్రాణం పోతోంది. పోస్టుమ్యాను అరుగు మీద కోర్టు కాయితం పడేసిపోయాడు. మీ బావకి చూపించలేదు. ఆ గట్టు తగాదాలో మళ్లీ కర్రుచ్చుకుని బయల్దేరతాడని బియ్యం డబ్బాలో దాచా,” అంటూ డబ్బాలో మోచేతిదాకా చెయ్యి పెట్టి పొడుగాటి గోధుమరంగు కవరు పైకి తీసింది.

సుబ్బాయమ్మకి చదువు రాదు. హనుమయ్యకి వచ్చు. కవరు మీద తన పేరే ఉంది. చించి చూశాడు. సర్కారు గోడౌనులో రెండు గుమస్తా ఉద్యోగాలు, తీసేసిన సిబ్బందికి మొదటి అవకాశం, మంగళవారం పదిగంటలకి ఎంప్లాయిమెంట్ ఆఫీసుకి రావలెను. మంగళవారమంటే నిన్న. కార్డు మూలన ఎర్ర సిరాతో ఒక ముక్క ఉంది: ‘తప్పక హాజరు కండి – జ్ఞానమణి.’

“ఎంత శిక్షరా?” అంది సుబ్బాయమ్మ, బిక్కమొహంతో.

రెండు ఉద్యోగాలు, రెండు కార్డులు. ఎవరూ ఎవర్నీ తొయ్యలేదు. తన కార్డుని తొక్కిపెట్టింది తనే. ఇక అంతోనయ్యని తొక్కిపెట్టే కాగితం ఎర్రడబ్బాలో కూర్చుని ఉంది. ఒంటిగంట బస్సుకి టపా సంచి వెళ్లిపోతుంది. చెప్పులు కూడా తొడుక్కోకుండా పరిగెత్తాడు.

పోస్టుమాస్టరు సుందరరాజు అప్పుడే డబ్బా ఖాళీ చేసి ఉత్తరాల మీద ముద్రలు వేస్తున్నాడు.

“ఏమండీ, పొద్దున ఒక కవరు వేశాను. వెనక్కి ఇప్పించాలి,” అన్నాడు హనుమయ్య రొప్పుతూ.

సుందరరాజు కళ్లద్దాల మీదనుంచి చూశాడు. “డబ్బాలో పడ్డాక అది మీది కాదు, చేరాల్సినవాళ్లది. వెనక్కి కావాలంటే అర్జీ రాసివ్వాలి. మీ పేరు, మీ ఊరు, కారణం.”

“పేరు కూడానా అండీ?”

“పేరు లేకుండా ఎవరికిమ్మంటారు? మీదేనని నమ్మకమేమిటి? ఆ కవరు మీద అడ్రసు ఎలా రాశారో అలాగే నా ముందు ఇంకోసారి రాయండి.”

అనుమానించేవాళ్లకి అనుమానం ఎదురైతే ఎలా ఉంటుందో హనుమయ్య మొదటిసారి చూశాడు. తన పేరూ ఊరూ రాశాడు. ఎంప్లాయిమెంట్ ఆఫీసరుగారికి, బెజవాడ, అని కుడిచేత్తో గుండ్రంగా రాశాడు. సుందరరాజు రెండూ పక్కపక్కన పెట్టి చూసి, “ఇది వేరే రాత,” అని కవరు సంచిలో పడెయ్యబోయాడు.

“ఆగండి,” అన్నాడు హనుమయ్య. వెనక కార్డులు కొనడానికి వచ్చిన ఇద్దరు మెడలు సాచి చూస్తున్నారు. కలం ఎడమచేతిలోకి మార్చుకున్నాడు. చెమటకి కలం జారుతోంది. వంకర అక్షరాలు ఒక్కొక్కటే పడుతుంటే, నడిబజారులో బట్టలిప్పుకుంటున్నట్టు సిగ్గేసింది.

సుందరరాజుకి అర్థమైంది. ఇలాంటి కవర్లు ఆయన చేతుల మీదుగా ఎన్ని వెళ్లాయో. “కారణం రాయలేదు,” అన్నాడు నెమ్మదిగా.

“తప్పు రాశానండి.”

“అడ్రసా?”

“కాదండి. లోపలిది.”

సుందరరాజు కవరు ఇటు తోసి, అర్జీ మాత్రం ఫైల్లో పెట్టుకున్నాడు. హనుమయ్య బయటికొచ్చి కవరు చింపబోయాడు. ముక్కలు ఎవరైనా ఏరి అతికించి చదివితే? ఇంటికెళ్లి పొయ్యిలో పెట్టడమే మేలని చొక్కా జేబులో దోపుకున్నాడు. బస్సులో కూర్చున్నాక ఏడుపొచ్చింది. అంతోనయ్యకి అంతా చెప్పేయాలి, కాళ్లు పట్టుకోవాలి, తన ఉద్యోగం పోతే పోయిందనుకున్నాడు. నిజంగానే అనుకున్నాడు.

తిరువూరులో దిగేసరికి బస్టాండులో అంతోనయ్యే ఎదురొచ్చాడు.

“ఎక్కడికి పోయావయ్యా మహానుభావా! మీ ఇంటికి నాలుగుసార్లు తిరిగా. నిన్న ఇంటర్వ్యూలో నీ పేరు మూడుసార్లు పిలిచారు. నీకూ కార్డు వచ్చిందని నాకప్పుడే తెలిసింది. అయ్యేదాకా ఎవరికీ చెప్పొద్దు, దిష్టి తగుల్తుందని మా ఆవిడ జోజమ్మ నా నోరు కట్టేసింది. లేకపోతే నీకు చెప్పనా? నువ్వు రాలేదని పేరు కొట్టెయ్యబోతుంటే ఆ జ్ఞానమణిగారు లేచి, ఈయన రాకుండా ఉండే మనిషి కాదు, ఏదో అయ్యుంటుందండీ అంది. నేను జ్వరమని చెప్పా. సోమవారం రమ్మన్నారు. ఇద్దరివీ ఆరోజే తేలుస్తారంట. నిన్ను వెంటబెట్టుకు రావాల్సిన పూచీ నాది.”

హనుమయ్య అంతోనయ్య కాళ్లవైపు చూశాడు.

“ఇంకో ముక్క చెప్పాలి,” అన్నాడు అంతోనయ్య. గొంతు తగ్గింది. “నీ పేరు వినగానే నాకు పాడు బుద్ధి పుట్టింది హనుమయ్యా. కార్డొచ్చినా నాకు చెప్పకుండా దాచావు, వెనకదారిన ఎవర్నో పట్టుకుని పని కానిచ్చుకుని ఉంటావు అనుకున్నా. జ్వరమని చెప్పాలా, ఊరుకోవాలా అని ఒక్క నిమిషం ఆలోచించా. ఒక్క నిమిషమే. తొమ్మిదేళ్లు నీ కారియర్లో తిన్నవాణ్ణి, అట్లా ఎలా అనుకున్నానో! నిన్నట్నుంచీ నాకు ముద్ద దిగట్లేదు. నన్ను క్షమించవయ్యా.”

హనుమయ్య చెయ్యి చొక్కా జేబు మీదికి వెళ్లింది. కవరు అక్కడే ఉంది, చెమటకి తడిసి. ఇప్పుడు తీసి ఇస్తే చాలు. సోమవారం గుర్తొచ్చింది. ముప్ఫైనాలుగు గుర్తొచ్చింది. అన్నిటికంటే ముందు, విస్సన్నపేట పోస్టుమాస్టరు అప్పుడే ఫోను చేసి వీడికి చెప్పేశాడేమో, తెలిసే ఇలా అడుగుతున్నాడేమోనని గుర్తొచ్చింది. అంతోనయ్య కళ్లల్లోకి పరకాయించి చూశాడు. ఆ కళ్లల్లో నీళ్లు తప్ప ఏమీ లేవు.

“సర్లే,” అన్నాడు హనుమయ్య. “క్షమించాను.”